రైఫిల్ బ్యారెల్‌కి గొంతు కోత ఎందుకు పడుతుంది

గోదావరి లంకల్లో ఉండేవాళ్లకి కోత గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వరి కోత ఒకటి, ఏటి కోత ఒకటి. రెండోది మొదలైతే కొబ్బరి చెట్లతో సహా గట్టు జారి ఏట్లో కలిసిపోతుంది. అయితే ఆ కోత ఏటి పొడుగునా ఒకేలా పడదు. నీళ్లు ఇరుకులోకి వచ్చి వేగం అందుకున్న చోట, మలుపు తిరిగే చోట, తూము నోటి దగ్గర పడుతుంది. రైఫిల్ బ్యారెల్ పాడైపోవడం అచ్చం ఇలాంటి వ్యవహారమే. బండి టైరు రోడ్డు మీద అరిగినట్టు, బుల్లెట్ లోపల రాసుకుంటూ వెళ్లడం వల్ల గొట్టం అరుగుతుందని చాలామంది అనుకుంటారు. అందులో నిజం కొంచెమే. బ్యారెల్‌ని ఎక్కువగా తినేసేది బుల్లెట్ కాదు, దాన్ని తోసుకొచ్చే వేడి గ్యాసు. అది తినేది కూడా గొట్టం మొత్తాన్ని కాదు. తూటా, అంటే మందూ బుల్లెట్టూ కలిపి ఉన్న డొప్ప, కూర్చునే గది అయిపోయి, లోపల మెలి తిరిగిన చాళ్లు మొదలయ్యే ఆ రెండు మూడు అంగుళాలనే ముందు తింటుంది. ఆ చోటుని ఇంగ్లీషులో థ్రోట్ అంటారు, అంటే గొంతు. కాబట్టి బ్యారెల్‌కి పడేది అక్షరాలా గొంతు కోతే.

ఈ కోత బాగా తొందరగా పడేది 'వార్మింట్' తూటాలు కాల్చే రైఫిళ్లకి. అమెరికాలో పొలాలు, గడ్డిమేతలు పాడుచేసే చిన్న జంతువులని వార్మింట్లు అంటారు. కన్నాలు తవ్వే ప్రయరీ డాగులు, ఉడ్‌చక్కులు, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయే కొయోటీలు ఈ లెక్కలోకి వస్తాయి. లక్ష్యం గుప్పెడంత, దూరం రెండు మూడు వందల గజాలు. అందుకని తేలికపాటి బుల్లెట్‌ని విపరీతమైన వేగంతో పంపితే అది తిన్నగా పోతుంది, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, దూరం అంచనా కాస్త తప్పినా తగులుతుంది. అంతా ఈ వేగం కోసమే.

డెల్టాలో మనకి ఆ పని లేదు. ఇక్కడ వరికి అసలు శత్రువు ఎలుక. దానికి వెదురు బుట్టలు, ఎరలు, గట్టు తవ్వి పట్టేవాళ్లు ఉన్నారు, రైఫిల్‌తో ఎలుకని కొట్టినవాడు ఎవడూ లేడు. చట్టం కూడా అంత తేలిక కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుకలు, కాకులు, పళ్లు తినే గబ్బిలాలకి విడిగా ఒక షెడ్యూల్ ఉండేది, 2022 సవరణలో ఆ షెడ్యూలే తీసేశారు. తుపాకి లైసెన్సు మీద రెండుకి మించి ఆయుధాలు ఉండకూడదని 2019లో నియమం మారింది. తూటాలు ఇంట్లో సొంతంగా నింపుకోవాలన్నా లైసెన్సు కావాల్సిందే. అంచేత ఇక్కడ రాసేది ఎవరూ చేసి చూడటానికి కాదు. షూటింగ్ క్లబ్బులకి వెళ్లేవాళ్లు, వీడియోలు చూసి 'వెయ్యి షాట్లకే బ్యారెల్ పోయిందట' అని ఆశ్చర్యపోయేవాళ్లు ఉన్నారు కదా, అలా ఎందుకు పోతుందో చెప్పడానికి.

ఈ కథకి పెద్ద పేరు .220 స్విఫ్ట్ అనే తూటా. 1935లో వించెస్టర్ కంపెనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. 48 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 3 గ్రాముల పైచిలుకు, సెకనుకి 4,110 అడుగుల వేగంతో బయటికొస్తుందని ప్రకటించారు. సెకనుకి 1,250 మీటర్లన్నమాట, శబ్దానికి మూడున్నర రెట్లు. మన పాత .303 బుల్లెట్ సెకనుకి 2,440 అడుగులు దగ్గర ఆగిపోయేది. గాలి అడ్డు అనేదే లేకపోతే స్విఫ్ట్ బుల్లెట్ రాజమండ్రి నుంచి కొవ్వూరుకి, నాలుగు కిలోమీటర్ల పైనున్న రోడ్డు కం రైలు వంతెన పొడుగంతా, మూడు సెకన్ల చిల్లరలో దాటేస్తుంది. నిజానికి గాలి దాన్ని అంత దూరం పోనివ్వదు, అంత తేలిక బుల్లెట్ త్వరగా నీరసపడిపోతుంది. ఆ రోజుల్లో స్విఫ్ట్ గొప్ప ఎంత పాకిందో, 'బ్యారెల్ తినేస్తుంది' అన్న చెడ్డపేరు కూడా అంతే పాకింది. తర్వాత 1965లో రెమింగ్టన్ కంపెనీ, అప్పటిదాకా షికారీలు సొంతంగా తయారు చేసుకుంటున్న .22-250ని అధికారికంగా తయారీలో పెట్టింది. 2004లో .204 రూగర్ వచ్చింది, 32 గ్రెయిన్ల బుల్లెట్‌తో 4,225 అడుగులన్నారు. పేర్లు వేరు, జబ్బు ఒకటే.

జబ్బు ఏంటో చెరువు, తూము లెక్కలో చూస్తే ఇట్టే తెలుస్తుంది. చిన్న చెరువుకి చిన్న తూము ఉంటే ఇబ్బంది లేదు, పెద్ద చెరువుకి పెద్ద తూము ఉన్నా ఇబ్బంది లేదు. పెద్ద చెరువు కట్టి దానికి అరచేతి మందం తూము పెట్టి, నీళ్లన్నీ ఒక్కసారే వదలమంటే తూము నోరు చీలిపోతుంది. తూటాలో మందు పట్టే గది చెరువు, బ్యారెల్ రంధ్రం తూము. .223 అనే చిన్న తూటాకీ .22-250కీ రంధ్రం ఒకటే, ఒక అంగుళంలో వెయ్యోవంతులు 224. కానీ .22-250 గది సుమారు ఒకటిన్నర రెట్లు పెద్దది. .308 తూటా గది దానికంటే ఇంకా పెద్దదే అయినా, రంధ్రం వైశాల్యం దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి దాని గొంతు అంత ఇరకాటంలో పడదు. గదికి తగ్గ రంధ్రం లేని ఇలాంటి తూటాలని షూటర్లు 'ఓవర్‌బోర్' అంటారు.

అసలు బేరం ఎలా ఉందో చూడండి. కంపెనీలు ప్రకటించిన వేగాలు తీసుకుంటే, 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని .223 సెకనుకి 3,240 అడుగులకి తోస్తుంది, .22-250 అయితే 3,680కి తోస్తుంది. లాభం నూటికి పదమూడు పద్నాలుగు పాళ్లు. దానికోసం అదే చిన్న రంధ్రం గుండా పంపాల్సిన మందు నూటికి నలభై పాళ్ల దాకా పెరుగుతుంది. ఎరువు రెట్టింపు వేసినా దిగుబడి రెట్టింపు రాదన్న సంగతి రైతుకి తెలిసిందే, ఇక్కడ కూడా అంతే, కాకపోతే ఇక్కడ మిగిలిన ఎరువంతా బ్యారెల్ గొంతు మీద పడుతుంది.

ఇప్పుడు ఉక్కు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇంత గట్టి లోహం గ్యాసుకి ఎలా కరుగుతుందని ఎవరికైనా అనుమానం వస్తుంది. .22-250లో గరిష్ఠ ఒత్తిడి 65 వేల పీఎస్ఐ దాకా అనుమతిస్తారు. కారు టైర్లో 32 కొట్టిస్తాం, అంటే రెండు వేల రెట్లు. మందు మంట వేడి సుమారు రెండున్నర వేల డిగ్రీల సెల్సియస్, ఘాటైన మందైతే ఇంకా పైకి పోతుంది. ఉక్కు పద్నాలుగు, పదిహేను వందల డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. మరి బ్యారెల్ మొదటి షాట్‌కే ఎందుకు కారిపోదంటే, టైం చాలదు. బుల్లెట్ గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యోవంతుకి కాస్త అటూ ఇటూ. ఆ కాస్త సేపట్లో వేడి లోపలికి దిగలేదు, పైపొర మీదే ఉండిపోతుంది. ఆ పైపొరకి మాత్రం నరకం. గ్యాసులో ఉన్న కార్బన్ దాంట్లోకి ఇంకుతుంది. కార్బన్ ఎక్కువైన ఇనుము 1,150 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది, అంటే ఉక్కు తనంతట తను కరిగే వేడి కంటే మూడు వందల డిగ్రీలు కిందికి వచ్చేసినట్టే. పైగా ఆ పొర గాజులా పెళుసు బారుతుంది. ప్రతి షాట్‌కీ అది ఒక్కసారి ఉబ్బి, వెంటనే కుంచించుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఇక్కడ ఒక్కో షాట్‌కి ఒక్కో రోహిణి కార్తె వచ్చి పోతోందనుకోండి. సన్నటి కెమెరా గొట్టాన్ని బ్యారెల్లోకి పంపి చూస్తే, నీళ్లు ఇంకిపోయిన చెరువు అడుగు నెర్రెలు విచ్చినట్టు కనిపిస్తుంది గొంతు. తర్వాత షాట్లలో గ్యాసు ఆ నెర్రెల్లో దూరి అంచుల్ని ఊడబెరుకుతుంది. ఏటి గట్టు జారేది కూడా ఇలాగే కదా, ముందు బీట, తర్వాత పెళ్ల.

ఇక మందు సంగతి. మన దగ్గర మందు అంటే మూడు అర్థాలు, పురుగుకి కొట్టేది, మనిషి తాగేది, తుపాకిలో వేసేది. మూడింటికీ ఒకటే సూత్రం, మోతాదు.

తుపాకి మందు బ్యారెల్‌ని తినేస్తుందని లోకానికి బాగా తెలిసొచ్చింది బ్రిటిష్ వాళ్ల కార్డైట్ వల్ల. 1889లో ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూయర్ దాన్ని తయారుచేశారు. నూటికి 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 పాళ్లు గన్‌కాటన్ అనే నైట్రోసెల్యులోజ్, 5 పాళ్లు వ్యాజలైన్ లాంటి జెల్లీ. నైట్రోగ్లిజరిన్ అంత ఎక్కువైతే మంట మహా వేడిగా ఉంటుంది. అప్పటి లీ మెట్‌ఫర్డ్ రైఫిళ్లలో చాళ్లు లోతు తక్కువగా, గుండ్రంగా ఉండేవి, పాత నల్ల తుపాకి మందు కాలానికి అవి బాగానే పనిచేశాయి, కార్డైట్ వచ్చాక తొందరగా అరిగిపోయాయి. అందుకే 1895లో లోతైన, పలక అంచుల చాళ్లతో లీ ఎన్‌ఫీల్డ్ వచ్చింది. మన పోలీసుల భుజాల మీద దశాబ్దాల పాటు చూసిన త్రీనాట్‌త్రీ పుట్టుక వెనకాల ఉన్నది ఈ గొంతు కోతేనన్నమాట. చాళ్లు మార్చినా సరిపోలేదు. 1901 కల్లా మందునే మార్చారు, నైట్రోగ్లిజరిన్‌ని 30 పాళ్లకి దించి గన్‌కాటన్‌ని 65కి పెంచారు. తర్వాత నీలగిరుల్లో అరువంకాడు దగ్గర కార్డైట్ ఫ్యాక్టరీయే పెట్టారు. ఆ జెల్లీ సంగతి సరదాగా ఉంటుంది. గొట్టం నున్నగా ఉండాలని వేశారు, తీరా చూస్తే అది చేసిన మేలు మందు నిలవ ఉన్నప్పుడు చెడిపోకుండా కాపాడటం.

ఇవాళ్టి మందుల్లో రెండు కులాలు. నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ఉంటే సింగిల్ బేస్, దాంట్లో నైట్రోగ్లిజరిన్ కలిస్తే డబుల్ బేస్. డబుల్ బేస్‌కి బలం ఎక్కువ, వేడీ ఎక్కువ. మిగతావన్నీ సమానంగా ఉంటే గొంతుకి సింగిల్ బేసే మంచిది. 'మిగతావన్నీ సమానంగా ఉంటే' అన్నది మర్చిపోకూడదు, ఎందుకంటే అవి ఎప్పుడూ సమానంగా ఉండవు.

రెండో తేడా మండే వేగం. ఎండుగడ్డి అంటిస్తే భగ్గుమని అయిపోతుంది, ఊక పొయ్యి గంటల తరబడి నిదానంగా కణకణలాడుతుంది. రెండూ వరి నుంచి వచ్చినవే. తుపాకి మందులో కూడా రసాయనం దాదాపు ఒకటే అయినా, గింజ సైజు, ఆకారం, పైపూత మార్చి వేగాన్ని అదుపు చేస్తారు. సన్నటి పుల్లల్లా చేసి నడుమ చిల్లు పెట్టడం ఒక పద్ధతి. పుల్ల బయటి నుంచి తరిగిపోతుంటే లోపలి చిల్లు పెద్దదవుతుంది, కాబట్టి మండే మేర మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు సమానంగా ఉంటుంది. గుండ్రటి గింజలకి ఆ సుఖం లేదు, మండేకొద్దీ చిక్కిపోతాయి. అందుకని వాటి పైపొరలోకి మంటని నెమ్మదింపజేసే రసాయనం ఇంకిస్తారు. వేపపూత యూరియా చల్లే రైతుకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, నత్రజని ఒక్కసారే విడిపోకుండా పూత ఆపుతుంది. ఇక్కడ కూడా ఆపేది నత్రజని సరుకునే.

.22-250 లాంటి పెద్ద గది తూటాకి వేగంగా మండే మందు పనికిరాదు. బుల్లెట్ కదిలే లోపే ఒత్తిడి నెత్తికెక్కుతుంది. మధ్యస్తం నుంచి కాస్త నిదానం వైపున్నవే కావాలి. ఐఎంఆర్ 4064, వార్‌గెట్, హెచ్380 లాంటివి అక్కడ పేరుమోసినవి ఇందుకే. హెచ్380 పేరు వెనకాల కథ ఉంది. తుపాకి మందు అమ్మే అమెరికా వ్యాపారి బ్రూస్ హాడ్జ్‌డన్ తన .22 రైఫిల్లో ఆ మందుని 38.0 గ్రెయిన్లు వాడేవాడు, ఆ రైఫిల్ తూటాయే తర్వాత .22-250 అయింది, ఆ అంకె మందుకి పేరైపోయింది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 'నిదానంగా మండేదంటే మెత్తనిది, బ్యారెల్‌కి మంచిది' అనుకుంటారు. ఊక పొయ్యి మెత్తనిదే, కానీ వంట కావాలంటే ఎక్కువ ఊక కూరాలి. నిదానం మందు ఎక్కువ పడుతుంది. అదే గరిష్ఠ ఒత్తిడిలో ఎక్కువ వేగం ఇస్తుంది నిజమే, ఎందుకంటే బుల్లెట్ ముందుకి పోతున్నా వెనక నుంచి తోపు సడలదు. ఆ తోపు ఇచ్చేది ఎక్కువ గ్యాసు, ఎక్కువ వేడి, అంతా ఆ ఇరుకు గొంతు గుండానే పోవాలి. కాస్త చురుకైన మందుని తక్కువ వేసి, వేగంలో వంద రెండొందల అడుగులు వదులుకుంటే, గొంతుకి పడే వేడి మొత్తంగా తగ్గుతుంది. 4895 అనే మందు రకానికి షూటర్లలో మంచి పేరు ఉన్నది ఇలాంటి తగ్గించిన తూటాల్లోనే. మందు తగ్గించడం కూడా ఇష్టమొచ్చినట్టు చేసేది కాదు, బాగా నిదానమైన మందుని గదిలో మరీ తక్కువ వేస్తే ఒత్తిడి తగ్గకపోగా ప్రమాదకరంగా పెరగొచ్చు. తయారీదారు ప్రకటించిన హద్దుల మధ్యే అది జరగాలి.

గుండ్రటి గింజలు ఇసకలా గొంతుని గీకేస్తాయని ఒక వాదన ఎప్పటి నుంచో తిరుగుతోంది, పుల్లల మందే గీకుతుందని ఇంకొకళ్లు. వినడానికి బాగుంటాయి గానీ ఈ రెండింటికీ అంత విలువ ఇవ్వనక్కర్లేదు. ఎంత మందు, ఎంత వేడి మంట, ఎంత చిన్న రంధ్రం అన్న మూడు లెక్కల ముందు గింజ ఆకారం చిల్లర ఖాతా.

ఆ మూడింటితో సమానంగా, ఒక్కోసారి వాటి కంటే ఎక్కువగా గొంతుని తినేది ఇంకోటి ఉంది. అది తూటాలో లేదు, వేలిలో ఉంది. అమెరికాలో ప్రయరీ డాగుల పొలం పక్కన కూర్చున్నవాడు ఒక రోజులో వందల షాట్లు కాలుస్తాడు. పది షాట్లు గబగబా కాలిస్తే గొట్టం పట్టుకోలేనంత వేడెక్కుతుంది. చల్లటి ఉక్కు మీద పడిన మంట వేరు, అప్పటికే కాగిన ఉక్కు మీద పడిన మంట వేరు. మొదటిదాంట్లో పైపొర వేడిని వెనకున్న లోహం లాగేసుకుంటుంది, రెండోదాంట్లో లాక్కునే చోటు ఉండదు. ఒకే మందు, ఒకే తూటా, ఒకే కంపెనీ బ్యారెల్, ఇద్దరి చేతుల్లో ఒకటి వెయ్యి షాట్లకే పోయి, ఇంకోటి మూడు వేల దాకా రావడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. లావు బ్యారెల్ నెమ్మదిగా వేడెక్కుతుంది గానీ చల్లారడానికి కూడా అంతసేపు తీసుకుంటుంది. రాజమండ్రి మే నెల ఎండలో అయితే ఆ చల్లారడం అనేదే సరిగ్గా జరగదు. అదే ఎండలో కారులో పెట్టిన తూటాల మందు కూడా కాగి, ఒత్తిడి పెంచుతుంది. వార్‌గెట్ లాంటివి వాతావరణానికి అంతగా చలించకుండా తయారు చేసినవి, ఈ మందులు ఆస్ట్రేలియాలో తయారవుతాయి, అక్కడి ఎండలూ తక్కువేం కాదు.

షూటర్లు అనుభవంతో చెప్పుకునే లెక్క ప్రకారం .223 బ్యారెల్ ఐదు వేల షాట్లు సులువుగా దాటుతుంది, .22-250, స్విఫ్ట్ లాంటివి పదిహేను వందల నుంచి మూడు వేల మధ్య. ఒక్కో షాట్‌కి మంట సెకనులో వెయ్యోవంతు అనుకుంటే, మూడు వేల షాట్లంటే బ్యారెల్ జీవితమంతా కలిపి పనిచేసేది మూడు నాలుగు సెకన్లు. ఇవి గీత గీసినట్టు ఉండే అంకెలు కావు. కాగితం మీద షాట్లన్నీ పావలా బిళ్లంత గుంపులో పడాలని కోరుకునేవాడికి రెండు వేలకే పోయిన బ్యారెల్, పందిని కొడితే చాలనుకునేవాడికి ఇంకో రెండు వేలు పనిచేస్తుంది. పోయే ముందు లక్షణాలు కనిపిస్తాయి. గొంతు ముందుకి జరుగుతుంది, అంటే చాళ్లు మొదలయ్యే చోటు దూరమవుతుంది, బుల్లెట్ ఆ ఖాళీలో పట్టు లేకుండా కాస్త దూరం గెంతి చాళ్లకి తగులుతుంది. బుల్లెట్‌ని తూటాలో కాస్త బయటికి పెట్టి కొన్నాళ్లు సర్దుకుంటారు. తర్వాత గుంపు విడిపోతుంది, కారణం లేకుండా ఒక్క షాట్ ఎటో పోతుంది. అప్పుడు వెనక వైపు ఒక అంగుళం కోసేసి గది కొత్తగా తొలిపించుకోవడమో, బ్యారెల్ మార్చడమో చేస్తారు. అక్కడి పోటీ షూటర్లు బ్యారెల్‌ని టైరులాగే చూస్తారు, అరిగితే మార్చేస్తారు. మన దగ్గర అలా కుదరదు, బ్యారెల్ కూడా లైసెన్సు పరిధిలోని వస్తువే.

నిజం చెప్పాలంటే డెల్టాలో రైఫిళ్లు గొంతు కోతతో చచ్చేదాకా బతకవు, తుప్పుతో పోతాయి. ఇక్కడ లైసెన్సు ఉన్నవాళ్లు ఏడాదికి కాల్చేది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంతర్వేది నుంచి యానాం దాకా ఉప్పుగాలి, వానాకాలం నాలుగు నెలలూ గోడలే చెమ్మగిల్లుతాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకి డిపాజిట్ చేసి వస్తే నెలల తరబడి నూనె గుడ్డ తగలదు. పాతకాలం తూటాలైతే మరీ అన్యాయం. వాటి ప్రైమర్లో, అంటే మందుని అంటించే నిప్పురవ్వ బిళ్లలో, పొటాషియం క్లోరేట్ ఉండేది, అది కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన ఉప్పుకి అన్నదమ్ముడు. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే వానాకాలంలో ఏమవుతుందో బ్యారెల్ లోపల అదే అవుతుంది, గాల్లో తేమంతా పీల్చుకుని రాత్రికి రాత్రే ఎర్రబారుస్తుంది. ఉప్పు నూనెలో కరగదు కాబట్టి నూనె గుడ్డ ఎన్నిసార్లు తోసినా లాభం లేదు. త్రీనాట్‌త్రీ కాలం సిపాయిలు చేసిన పని చాలా తేలికైనది, కాల్చాక గరాటు పెట్టి మరిగే నీళ్లు గొట్టంలో పోసేవాళ్లు. నీళ్లకి ఉప్పు కరిగిపోతుంది, ఉక్కు కాగడం వల్ల తడి దానంతటదే ఆరిపోతుంది, ఆ తర్వాతే నూనె.